పోర్టు ఎవరి చేతిలో ఉందో కనిపెట్టడం ఎలా?

సర్వరు ప్రోగ్రామును మొదలుపెట్టగానే అది రెండు క్షణాలు కూడా నిలవకుండా ఆగిపోయి, చివరి వరుసలో "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని చూపిందంటే, మీరు అడిగిన పోర్టును, అంటే నెట్‌వర్కులో ప్రోగ్రాముకు గుర్తుగా ఉండే సంఖ్యను, అప్పటికే మరొకరు పట్టుకుని కూర్చున్నారని అర్థం. ఈ తప్పుకు లినక్స్‌లో 98 అనే సంఖ్య, మ్యాక్‌లోనూ బీఎస్‌డీ కుటుంబంలోనూ 48 అనే సంఖ్య ఉన్నాయి. అందువల్ల ఒకే పైథాన్ ప్రోగ్రాము ఆఫీసు సర్వరులో ఒక సంఖ్యనూ, ఇంట్లో మ్యాక్‌బుక్‌లో మరొక సంఖ్యనూ చూపిస్తుంది గానీ ఫిర్యాదు మాత్రం ఒకటే.

ఇటువంటప్పుడు చాలామంది మొదట యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తారు, అది కుదరని చోట ఎక్కడో దొరికిన కిల్ కమాండును తెచ్చి అతికిస్తారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. పోర్టును పట్టుకున్న ప్రోగ్రాము పేరు తెలుసుకోవడం సగం పని మాత్రమే. దానిని అక్కడ ఎవరు మొదలుపెట్టారో తెలుసుకోవడం మిగతా సగం. ఆ రెండవ సగాన్ని వదిలేస్తే, మీరు ఆపిన ప్రోగ్రాము పది సెకన్లలో తిరిగి లేచి కూర్చోవచ్చు, లేదా మరొకరి పని మధ్యలో ఆగిపోవచ్చు.

కమాండ్లను ఎలా చదువుకోవాలో ముందుగా చెప్పాలి. ఫోనులో అవతలివారికి చెప్పి టైపు చేయించినట్టే, ఇక్కడ ప్రతి కమాండునూ పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాను. మీరు టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ సంగతి విడిగా చెబుతాను. హైఫన్, కోలన్, స్లాష్ వంటి గుర్తులనూ, మధ్యలో ఉన్న స్పేసులనూ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి.

ముందు తెలుసుకోవలసిన గొలుసు

పోర్టు అనేది 0 నుంచి 65535 వరకు ఉండే ఒక సంఖ్య మాత్రమే. దానిని పట్టుకునేది నేరుగా ప్రోగ్రాము కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి కెర్నెల్ లోపల ఉండే సాకెట్ అనే సంభాషణ కొస. ఆ సాకెట్‌కు ఐనోడ్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, ఏదో ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము, తన తెరిచిన ఫైళ్ల జాబితాలో ఆ సాకెట్‌ను ఉంచుకుంటుంది, ఆ ప్రాసెస్‌కు పిడ్ అనే సొంత సంఖ్య ఉంటుంది, దానిని పుట్టించిన మరో ప్రాసెస్ దాని వెనుక ఉంటుంది. పోర్టు, సాకెట్, ప్రాసెస్, ఆ ప్రాసెస్‌ను పుట్టించినవారు: మన వెతుకులాట అంతా ఈ గొలుసును ఒక్కొక్క కొక్కెం పట్టుకుని వెనక్కి లాగడమే. ఒకే సాకెట్‌ను అనేక ప్రాసెస్‌లు పంచుకోవచ్చు కూడా. ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వరు నడిచే యంత్రంలో 80వ పోర్టు ఎదుట ఒక మాస్టరు, నాలుగైదు వర్కర్లు కలిసి కనిపించడానికి కారణం అదే.

లినక్స్‌లో మొదటి మెట్టు: ఎస్ఎస్

ఇప్పటి లినక్స్ పంపిణీలన్నింటిలోనూ దాదాపుగా సిద్ధంగా ఉండే పనిముట్టు ఎస్ఎస్. ఐపీరూట్2 అనే ప్యాకేజీతో కలిసి వస్తుంది కనుక విడిగా ఇన్‌స్టాల్ చేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. టెర్మినల్ తెరిచి ఇలా కొట్టండి.

సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ

సుడో అంటే ఆ కమాండును రూట్, అంటే యంత్రం నిర్వాహకుడి, అధికారంతో నడపమని. హైఫన్ తరువాత ఉన్న నాలుగు అక్షరాలలో ఎల్ అంటే కనెక్షన్ల కోసం కాచుకుని ఉన్న సాకెట్లు మాత్రమే చూపమని, టీ అంటే ముందుగా కనెక్షను కుదుర్చుకుని మాట్లాడే టీసీపీ పద్ధతివి మాత్రమే అని, ఎన్ అంటే పోర్టులను పేర్లుగా మార్చకుండా సంఖ్యలుగానే ఉంచమని, పీ అంటే ప్రాసెస్ వివరం చేర్చమని అర్థం. ఈ ఎన్‌ను మరచిపోకూడదు. అది లేకపోతే ఎస్ఎస్ 8080 అనే సంఖ్యకు బదులు, ఈటీసీ డైరెక్టరీలోని సర్వీసెస్ ఫైలులో ఆ సంఖ్యకు ఎదురుగా ఉన్న హెచ్‌టీటీపీ-ఆల్ట్ లేదా వెబ్‌క్యాష్ అనే పేరును చూపిస్తుంది, మీరు 8080 కోసం ఎంత వెతికినా కంటబడదు. పైగా అది ఆ సంఖ్యకు నమోదైన పేరు మాత్రమే. అక్కడ నిజంగా నడుస్తున్న ప్రోగ్రాముతో దానికి సంబంధం ఉండనవసరం లేదు.

జాబితా పొడవుగా వస్తే దానిని గ్రెప్‌తో వడకట్టడం అందరికీ అలవాటు. అందులో ఒక చిక్కు ఉంది: 80వ పోర్టు కోసం కోలన్ 80 అని గ్రెప్ చేస్తే 8080, 8000, 8009 అన్నీ వచ్చి పడతాయి. వడకట్టే పనిని ఎస్ఎస్‌కే అప్పగించడం మేలు.

సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ 'స్పోర్ట్ = :8080'

ఇక్కడ స్పోర్ట్ అంటే ఆటలు కాదు, సోర్స్ పోర్టుకు ఎస్ఎస్ పెట్టుకున్న పొట్టి పేరు. కోట్ గుర్తులనూ, సమానం గుర్తుకు అటూ ఇటూ ఉన్న స్పేసులనూ వదలవద్దు. టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వరు నడుస్తున్న యంత్రంలో జవాబు ఇంచుమించు ఇలా ఉంటుంది.

లిజన్ 0 100 *:8080 *:* యూజర్స్:(("జావా",పిడ్=4312,ఎఫ్‌డీ=45))

ఈ ఒక్క వరుసను నిదానంగా చదవడం నేర్చుకుంటే పని చాలావరకు అయినట్టే. లిజన్ అంటే సాకెట్ కాచుకుని ఉన్న స్థితి. మొదటి సున్నా, కనెక్షన్ కుదిరినా ప్రోగ్రాము ఇంకా అందుకోని అతిథుల సంఖ్య. రెండవదైన 100, అలా వరుసలో నిలబడగలిగినవారి పరిమితి, టామ్‌క్యాట్ మామూలుగా పెట్టుకునే అంకె ఇదే. తరువాత వచ్చే నక్షత్రం, యంత్రానికి ఉన్న అన్ని చిరునామాల మీదా ఈ ప్రోగ్రాము కాచుకుని ఉందని చెబుతుంది. దాని స్థానంలో 127.0.0.1 ఉంటే బయటి యంత్రాలకు అది అందదు. చివరన పిడ్ 4312 మనకు కావలసిన సంఖ్య, ఎఫ్‌డీ 45 అంటే ఆ ప్రాసెస్ తెరిచిన ఫైళ్లలో ఈ సాకెట్ 45వ నంబరుతో ఉందని.

చిరునామా గడిని తేలికగా తీసుకోవద్దు. ఒక ప్రోగ్రాము 127.0.0.1 మీద 3000వ పోర్టునూ, మరొకటి ఐపీవీ6 లోకల్ చిరునామా అయిన ::1 మీద అదే 3000నూ ఏ తగాదా లేకుండా పట్టుకోగలవు. అప్పుడు బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొడితే ఒక ప్రోగ్రామూ, చిరునామాను అంకెలలో కొడితే మరో ప్రోగ్రామూ జవాబిస్తాయి. "నేను మార్చిన కోడ్ పేజీలో కనిపించడం లేదు" అనే ఫిర్యాదుల వెనుక ఇది అప్పుడప్పుడు ఉంటుంది.

కనెక్షను కుదుర్చుకోకుండానే మాట్లాడే యూడీపీ పద్ధతి పోర్టు అయితే టీ బదులు యూ వాడాలి. యూడీపీలో కాచుకుని ఉండటం అనే స్థితే లేదు కనుక లిజన్‌కు బదులు అన్‌కాన్ అని కనిపిస్తుంది. పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సర్వరును సొంతంగా పెట్టుకోబోయి 53వ పోర్టు దగ్గర ఆగిపోయేవారికి ఉబుంటు యంత్రాలలో సాధారణంగా దొరికే దొంగ సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ, అది 127.0.0.53 అనే చిరునామా మీద కూర్చుని ఉంటుంది.

మ్యాక్‌లో, ఇతర చోట్లా: ఎల్ఎస్ఓఎఫ్

మ్యాక్‌లో ఎస్ఎస్ ఉండదు. అక్కడ పనికి వచ్చేది ఎల్ఎస్ఓఎఫ్. తెరిచిన ఫైళ్ల జాబితా ఇవ్వడం దాని పని, యూనిక్స్ లెక్కలో సాకెట్ కూడా ఫైలే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన విక్ ఏబెల్ రాసిన ఈ ప్రోగ్రాము లినక్స్‌లోనూ, ఫ్రీబీఎస్‌డీలోనూ కూడా దొరుకుతుంది, కనుక ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉన్నవారు దీనినే నేర్చుకోవచ్చు.

సుడో ఎల్ఎస్ఓఎఫ్ -ఎన్‌పీ -ఐటీసీపీ:5000 -ఎస్‌టీసీపీ:లిజన్

ఇందులో మొదటి ఆప్షనులో ఎన్ చిన్నది, పీ పెద్దది. రెండవ దానిలో ఐ చిన్నది, టీసీపీ పెద్ద అక్షరాలు. మూడవ దానిలో ఎస్ చిన్నది, టీసీపీ, లిజన్ పెద్ద అక్షరాలు. చిన్న ఎన్ చిరునామాలను పేర్లుగా మార్చవద్దని, పెద్ద పీ పోర్టులను పేర్లుగా మార్చవద్దని చెబుతాయి. చిన్న ఎన్ లేకపోతే ప్రతి చిరునామాకూ డీఎన్ఎస్‌లో పేరు వెతుకుతూ కమాండు చాలాసేపు ఊరికే నిలబడి ఉంటుంది.

5000వ పోర్టును ఉదాహరణగా ఎంచుకోవడానికి కారణం ఉంది. పైథాన్‌లో వెబ్ ప్రోగ్రాములు రాయడానికి వాడే ఫ్లాస్క్ తనంత తానుగా ఎంచుకునే పోర్టు 5000. 2021లో వచ్చిన మ్యాక్ఓఎస్ మాంటెరీ నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ అనే సదుపాయం 5000నూ, 7000నూ పట్టుకోవడం మొదలుపెట్టింది. దానితో నిన్నటి వరకు నడిచిన పాఠం, యంత్రాన్ని అప్‌డేట్ చేసిన మర్నాడే నడవకుండా పోయింది. పై కమాండు ఇస్తే మొదటి గడిలో "కంట్రోల్‌సీఈ" అనే వింత పేరు కనిపిస్తుంది. ఎల్ఎస్ఓఎఫ్ ప్రోగ్రాము పేరును తొమ్మిది అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది కనుక కంట్రోల్ సెంటర్ అనే పేరు అలా మొండిదైంది. పూర్తి పేరు కావాలంటే +సీ 0 అనే ఆప్షను చేర్చండి. ఆ ప్రాసెస్‌ను చంపితే వెంటనే మళ్లీ లేస్తుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఎయిర్‌డ్రాప్, హ్యాండాఫ్ అనే చోట ఎయిర్‌ప్లే రిసీవర్‌ను ఆపడమో, ఫ్లాస్క్‌కు వేరే పోర్టు ఇవ్వడమో సరైన మార్గం. నన్నడిగితే రెండవదే తక్కువ శ్రమ.

మూడవ ఆప్షనును, అంటే లిజన్ ఉన్న భాగాన్ని, అనవసరమని తీసేయకండి. అది లేకపోతే పోర్టును పట్టుకున్న సర్వరు మాత్రమే కాకుండా ఆ పోర్టుతో మాట్లాడుతున్న ప్రతి ప్రోగ్రామూ జాబితాలోకి వస్తుంది. 8080లో నడిచే మీ పేజీని బ్రౌజరులో తెరిచి ఉంచారనుకోండి, బ్రౌజరు పిడ్ కూడా అందులో ఉంటుంది. ఎల్ఎస్ఓఎఫ్‌కు -టీ ఇచ్చి పిడ్‌లు మాత్రమే తీసుకుని వాటన్నింటినీ కిల్‌కు పంపే ఒక వరుస కమాండు చాలా ప్రచారంలో ఉంది; అందులో లిజన్ షరతు సాధారణంగా ఉండదు. సర్వరుతో పాటు తెరిచి ఉన్న నలభై ట్యాబుల బ్రౌజరు కూడా మాయమైనప్పుడు ఆ లోటు ఏమిటో తెలిసివస్తుంది.

మిగిలిన పనిముట్లు

పాత సర్వరులలో ఎస్ఎస్ లేకపోతే నెట్‌స్టాట్ -టీయూఎల్‌పీఎన్ అనే కమాండు అదే పని చేస్తుంది. మ్యాక్‌లో మాత్రం దీనిని ప్రయత్నించి సమయం పోగొట్టుకోకండి. అక్కడి నెట్‌స్టాట్‌లో పీ అంటే ప్రాసెస్ కాదు, ప్రోటోకాల్. ఫ్రీబీఎస్‌డీలో సాక్‌స్టాట్ -4 -ఎల్ -పీ 8080 అని కొడితే ఐపీవీ4 సాకెట్ల వివరం శుభ్రంగా వస్తుంది. ఐపీవీ6 కోసం 4 బదులు 6 పెట్టండి.

లినక్స్‌లో ఫ్యూజర్ అనే మరొకటి ఉంది: సుడో ఫ్యూజర్ -వీ 8080/టీసీపీ. చిన్నది, చురుకైనది. దానికే -కే చేర్చితే ఏమీ అడగకుండా, ఎస్ఐజీకిల్ అనే కఠినమైన సిగ్నల్‌నే నేరుగా పంపుతుంది, కనుక వెతుకులాటలో ఉన్నప్పుడు ఆ అక్షరం జోలికి పోకపోవడం మంచిది.

ఏ పనిముట్టూ లేనప్పుడు

ఒక్కో ప్రోగ్రామును దాని సరంజామాతో విడి గదిలో పెట్టినట్టు నడిపే కంటైనర్ల లోపలికి వెళ్లి చూస్తే ఎస్ఎస్, ఎల్ఎస్ఓఎఫ్, నెట్‌స్టాట్ మూడూ లేని సందర్భం తరచుగా ఎదురవుతుంది. అయినా లినక్స్ కెర్నెల్ తన లెక్కలను ప్రాక్ డైరెక్టరీలో తెరిచే ఉంచుతుంది. పైన చెప్పిన గొలుసును చేతితో లాగి చూడటానికి ఇంతకన్న మంచి చోటు లేదు.

ముందుగా మీ పోర్టును పదహారు ఆధారంగా ఉండే హెక్సాడెసిమల్ సంఖ్యగా మార్చాలి. 8080 అంటే 1ఎఫ్90. ఇప్పుడు క్యాట్ /ప్రాక్/నెట్/టీసీపీ అని కొట్టి, వచ్చిన పట్టికలో లోకల్ అడ్రస్ గడి చివర కోలన్ తరువాత 1ఎఫ్90 ఉన్న వరుసను వెతకండి. ఆ గడి మొదటి భాగం చిరునామా. మనం మామూలుగా వాడే యంత్రాలలో అది తలకిందులుగా ఉంటుంది, 127.0.0.1 అక్కడ 0100007ఎఫ్ అని కనిపిస్తుంది. ఎస్‌టీ అనే గడిలో 0ఏ ఉంటే అది లిజన్ స్థితి. అదే వరుసలో కుడి వైపు ఐనోడ్ గడి ఉంటుంది. అక్కడ 48213 ఉందనుకుందాం. వరుస దొరకకపోతే కంగారు పడకుండా, పక్కనే ఉన్న టీసీపీ6 అనే ఫైలులో చూడండి. జావా ప్రోగ్రాములు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

ఆ సాకెట్ ఎవరి దగ్గర ఉందో ఈ కమాండు చెబుతుంది.

సుడో ఫైండ్ /ప్రాక్/[0-9]*/ఎఫ్‌డీ -ఎల్‌నేమ్ 'సాకెట్:*48213*'

జవాబుగా /ప్రాక్/4312/ఎఫ్‌డీ/45 వంటి దారి వస్తే, మొదటి సంఖ్య పిడ్, చివరిది ఎఫ్‌డీ. ఎస్ఎస్ చూపిన వరుసలో ఉన్నవి ఈ రెండే. అది కూడా ఈ ఎఫ్‌డీ డైరెక్టరీలనే తిరగేసి పిడ్‌ను తెలుసుకుంటుంది. కంటైనరులోని ఫైండ్ ఈ ఆప్షనును గుర్తించకపోతే, అక్కడ ఉండేవి ఎలాగూ రెండు మూడు ప్రాసెస్‌లే కనుక, ఒక్కొక్క పిడ్ ఎఫ్‌డీ డైరెక్టరీని ఎల్ఎస్ -ఎల్‌తో తెరిచి చూసుకోవచ్చు.

పిడ్ దొరికింది, ఆ తరువాత?

జావా అనో, పైథాన్ అనో, నోడ్ అనో పేరు కనిపించినంత మాత్రాన మనకు తెలిసింది చాలా తక్కువ. ఒకే యంత్రంలో అరడజను జావా ప్రాసెస్‌లు ఉండటం మామూలే. 8080 విషయంలో టామ్‌క్యాట్, జెంకిన్స్ రెండూ తమంత తాముగా కోరుకునే పోర్టు అదే కనుక తగవు ఎక్కువగా వాటి మధ్యనే వస్తుంది. కనుక ప్రాసెస్‌ను దాని పూర్తి కమాండు వరుసతో, దానిని పుట్టించిన తల్లి ప్రాసెస్ సంఖ్యతో, మొదలైన సమయంతో కలిపి చూడాలి.

పీఎస్ -ఓ పిడ్,పీపిడ్,యూజర్,స్టాట్,ఎల్‌స్టార్ట్,ఆర్గ్స్ -పీ 4312

మొదలైన సమయం చాలా చెబుతుంది. అది యంత్రం బూట్ అయిన సమయానికి దగ్గరగా ఉంటే సర్వీసుగా నడుస్తోందని, నిన్న సాయంత్రం ఏడు గంటలకు ఉంటే ఎవరో చేతితో మొదలుపెట్టి ఇంటికి వెళ్లారని ఊహించవచ్చు. లినక్స్‌లో సుడో ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/4312/సీడబ్ల్యూడీ అని కొడితే ఆ ప్రాసెస్ ఏ డైరెక్టరీలో నిలబడి ఉందో కనిపిస్తుంది. చాలాసార్లు ప్రాజెక్టు పేరు అక్కడే దొరుకుతుంది. అన్నింటికన్న ఉపయోగమైనది మరొకటి: సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ 4312. సర్వీసు పేరు స్థానంలో పిడ్ ఇచ్చినా, లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ దానిని స్వీకరించి, ఆ ప్రాసెస్ ఏ సర్వీసు కిందకు వస్తుందో, లేదా ఎవరి లాగిన్ నుంచి పుట్టిందో చెబుతుంది.

స్టాట్ గడిని కూడా ఒకసారి చూడమనడానికి నా సొంత అనుభవం ఒకటి ఉంది. ఒక రాత్రి నా లినక్స్ ల్యాప్‌టాప్‌లో 8000వ పోర్టు మీద పేజీ తెరుచుకోకుండా బ్రౌజరు గిరగిరా తిరుగుతూనే ఉంది, కొత్తగా సర్వరు మొదలుపెడితే పోర్టు ఖాళీగా లేదంటోంది. ఎస్ఎస్ కొట్టిన ప్రతిసారీ లిజన్ పక్కనున్న మొదటి అంకె రెండు, మూడు, ఐదు అని పెరుగుతోంది. అంటే కనెక్షన్లు వస్తున్నాయి, అందుకునేవారు లేరు. అరగంట తరువాత పీఎస్‌లో స్టాట్ గడిలోని పెద్ద టీ కంటబడింది: నిలిపివేసిన ప్రాసెస్. కంట్రోల్ సీ కొట్టబోయి కంట్రోల్ జెడ్ కొట్టి, ఆ టెర్మినల్ ట్యాబును వదిలేసినది నేనే. అలా నిలిచిపోయిన ప్రాసెస్ పోర్టును వదలదు. మామూలు కిల్ పంపినా అది మేలుకునే వరకు ఆ సిగ్నల్ గుమ్మం బయటే ఉంటుంది. ఆ టెర్మినల్‌కు వెళ్లి ఎఫ్‌జీ అని కొట్టి, ముందుకు వచ్చాక కంట్రోల్ సీ కొడితే సరిపోయింది.

ఎవరూ కనిపించకపోతే

పోర్టు వాడుకలో ఉందని తప్పు వస్తుంది, జాబితాలో మాత్రం ప్రాసెస్ పేరు ఉండదు. ఇది జరిగినప్పుడు మొదట అనుమానించవలసింది మిమ్మల్నే: సుడో పెట్టారా? మామూలు యూజరుకు తన ప్రాసెస్‌ల వివరాలు మాత్రమే కనిపిస్తాయి. ఇతరుల సాకెట్ల వరుసలు ఎస్ఎస్‌లో వస్తాయి గానీ యూజర్స్ గడి ఖాళీగా ఉంటుంది. ఎల్ఎస్ఓఎఫ్ అయితే ఆ వరుసనే చూపదు, దానితో పోర్టు ఖాళీగా ఉందని పొరబడతారు.

సుడోతో చూసినా పేరు రాకపోతే ఆ పోర్టును కెర్నెలే పట్టుకుని ఉండవచ్చు. ఫైళ్లను నెట్‌వర్కు మీద పంచే ఎన్ఎఫ్ఎస్ సర్వరు వాడే 2049, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడే యూడీపీ పోర్టు ఇటువంటివి. వాటి వెనుక చంపడానికి ప్రాసెస్ ఉండదు. ఆ సర్వీసునో, ఆ ఇంటర్‌ఫేసునో ఆపాలి.

కంటైనర్లను నడిపే డాకర్ సంగతి వేరు. కంటైనరు పోర్టును బయటికి తెరిచినప్పుడు సాధారణంగా డాకర్-ప్రాక్సీ అనే పేరు కనిపిస్తుంది. అది కాపలాదారు మాత్రమే, యజమాని కాదు. డాకర్ పీఎస్ అని కొట్టి, పోర్ట్స్ గడిలో 8080 నుంచి బాణం గుర్తు బయలుదేరిన కంటైనరు ఏదో చూసి, దానిని డాకర్ స్టాప్‌తో ఆపాలి. ఆ ప్రాక్సీని వాడవద్దని డాకర్‌కు సెట్టింగు ఇచ్చిన యంత్రాలలో ఆ పేరు కూడా కనిపించకపోవచ్చు, కనుక డాకర్ ఉన్న ప్రతి యంత్రంలోనూ డాకర్ పీఎస్‌ను ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. కంటైనరు లోపల ఎవరు కాచుకుని ఉన్నారో బయటినుంచే చూడాలంటే సుడో ఎన్ఎస్ఎంటర్ -టీ పిడ్ -ఎన్ ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ అనే కమాండు ఉంది. ఇందులో పిడ్ అన్న చోట కంటైనరులోని ప్రాసెస్‌కు బయటి యంత్రంలో ఉన్న సంఖ్యను ఇవ్వాలి.

మరొక సందర్భం టైమ్-వెయిట్. మీరే రాసిన సాకెట్ ప్రోగ్రామును ఆపి వెంటనే మొదలుపెడితే పోర్టు ఖాళీగా లేదని వస్తుంది, ఒక నిమిషం ఆగితే మామూలుగా నడుస్తుంది. ముందుగా కనెక్షను మూసిన వైపున కెర్నెల్ ఆ కనెక్షను గుర్తును కొంతసేపు, లినక్స్‌లో 60 సెకన్లు, ఉంచుతుంది. ఎస్ఎస్ -టీఏఎన్ కొడితే అవి కనిపిస్తాయి గానీ వాటికి పిడ్ ఉండదు. దీనికి కిల్ మందు కాదు. ప్రోగ్రాములో పోర్టును అడిగే బైండ్‌ను పిలిచే ముందు ఎస్ఓ_రీయూజ్ఏడీడీఆర్ (అన్నీ పెద్ద అక్షరాలు) అనే సాకెట్ ఆప్షనును పెట్టాలి. పేరున్న సర్వరు ప్రోగ్రాములన్నీ ఆ పని చేస్తాయి కనుకనే ఈ చిక్కు సొంతంగా రాసుకున్నవాటిలో ఎక్కువ.

చివరిది అరుదుగా వస్తుంది గానీ వచ్చినప్పుడు రాత్రి నిద్ర చెడగొడుతుంది. లినక్స్‌లో బయటికి వెళ్లే కనెక్షన్లకు కెర్నెల్ తాత్కాలికంగా ఇచ్చే పోర్టులు మామూలుగా 32768 నుంచి 60999 వరకు ఉంటాయి. డీబీ2 అనే డేటాబేసు మామూలుగా వాడే 50000 ఆ హద్దులోనే ఉంది. మీ సర్వరు మొదలవక ముందే మరో ప్రోగ్రాము బయటికి చేసిన కనెక్షనుకు ఆ సంఖ్యే దక్కితే మీ సర్వరు లేవదు, లిజన్ జాబితాలోనూ ఎవరూ కనిపించరు. ఎల్ తీసేసి ఏ పెట్టి, సుడో ఎస్ఎస్ -టీఏఎన్‌పీ 'స్పోర్ట్ = :50000' అని అడిగితే దొరుకుతుంది. మళ్లీ జరగకుండా ఉండాలంటే నెట్.ఐపీవీ4.ఐపీ_లోకల్_రిజర్వ్డ్_పోర్ట్స్ అనే సిస్‌సీటీఎల్ సెట్టింగులో ఆ సంఖ్యను చేర్చాలి.

ఇవేవీ కాక, వచ్చిన తప్పు "పర్మిషన్ డినైడ్" అయితే మీరు వేరే దారిలో ఉన్నారు. 1024 కంటే తక్కువ సంఖ్య ఉన్న పోర్టులను తీసుకోవడానికి లినక్స్‌లో సాధారణంగా రూట్ అధికారం కావాలి. అక్కడ పోర్టు ఖాళీగా ఉన్నా మీకు దక్కదు.

విడిపించడం

ఎవరు మొదలుపెట్టారో తెలిసింది కనుక, ఆపడం కూడా వారి ద్వారానే జరగాలి. సిస్టమ్‌డీ సర్వీసైతే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్, డాకర్ అయితే డాకర్ స్టాప్, నోడ్ ప్రోగ్రాములను నడిపించే పీఎం2 కింద ఉన్నదైతే పీఎం2 స్టాప్. పిడ్ 1, అంటే సిస్టమ్‌డీయే, కనిపిస్తే మరింత జాగ్రత్త అవసరం: ఉబుంటు 22.10 నుంచి 22వ పోర్టును, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ తరఫున సిస్టమ్‌డీ పట్టుకుని ఉంటుంది. అక్కడ ఆపవలసింది, మార్చవలసింది ఎస్ఎస్‌హెచ్.సాకెట్ అనే యూనిట్. కాన్ఫిగ్ ఫైలులో పోర్టు మార్చి ఎస్ఎస్‌హెచ్ సర్వీసును మాత్రం రీస్టార్ట్ చేసినవారు పాత పోర్టు ఎందుకు వదలడం లేదని తలపట్టుకోవడానికి కారణం అదే. దూరంగా ఉన్న సర్వరులో ఆ 22వ పోర్టు మీదనే మీరు కూర్చుని ఉన్నారని కూడా మరవకండి.

ఏ సర్వీసు కిందా లేని, చేతితో మొదలుపెట్టిన ప్రాసెస్ అయితేనే కిల్ వాడండి. మొదట కిల్ 4312 అని మామూలుగా పంపి పది సెకన్లు ఆగండి. ప్రోగ్రాము తన ఫైళ్లు మూసుకుని, పిల్ల ప్రాసెస్‌లను ఆపుకుని వెళ్లడానికి ఆ సమయం కావాలి. అప్పటికీ కదలకపోతే కిల్ -9 4312. డేటాబేసు వంటి వాటి మీద ఈ రెండవది ప్రయోగించే ముందు దాని లాగ్ ఒకసారి చదవండి, ఎందుకంటే అది నిజంగా మూసుకునే పనిలోనే ఉండి ఉండవచ్చు. ప్రాసెస్ మరొకరి యూజరు పేరు మీద ఉంటే సుడో ఉన్నా సరే, ముందు వారికి ఒక మాట చెప్పండి.

ఆపిన తరువాత మొదటి మెట్టులోని ఎస్ఎస్ కమాండునే మళ్లీ కొట్టండి. శీర్షిక వరుస తప్ప మరేమీ రాకపోతే పోర్టు మీది. అదే పేరు కొత్త పిడ్‌తో వచ్చిందంటే దానిని తిరిగి లేపుతున్నవారు వెనుక ఉన్నారు. పీఎస్ కమాండులోని పీపిడ్ గడి దగ్గరకు వెళ్లి, ఈసారి ఆ సంఖ్యతో వెతకండి.